నొప్పి లేనప్పటి మాత్ర

మా అక్క ఎడమ కంటికి మొదటిసారి చూపు పోయింది మిరప కల్లంలో. ఎండిన కాయల్లోంచి రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు ఏరుతూ కూర్చుంది. పైనుంచి తెర దిగినట్టు దిగి కన్ను మొత్తం చీకటైందని తరువాత చెప్పింది. నొప్పి లేదు, మంట లేదు. ఒక్కో కన్నూ చేత్తో మూసి చూసుకుని, పోయింది ఎడమదేనని తేల్చుకుంది. కూలి ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి కన్ను కడిగారు. కడుగుతుండగానే చూపు తిరిగి వచ్చింది. మిరప కల్లంలో కంటికి ఏం జరిగినా కారమే కారణం. కన్ను ఎర్రబడలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇది ఎనభైల చివరి సంగతి. మా ఊరు పినపాక దాటాక అడవి అంచున ఉంటుంది. మా నాన్న గుంటూరు వైపు ఉన్న కొద్దిపాటి భూమి అమ్మి ఇక్కడికి వచ్చినప్పుడు అక్క చిన్నపిల్ల, నేను చంకలో ఉన్నాను. వచ్చిన కొన్నాళ్ళకే అమ్మ జ్వరంతో పోయింది. నన్ను పెంచింది అక్కే. తరువాత బావ ఇల్లరికం వచ్చాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. పొలం, కూలీలు, బేరాలు అన్నీ అక్క చేతి మీదే నడిచేవి. ఇంట్లో మాది కోస్తా మాట, పొలంలో వినేది ఇక్కడి మాట. అక్క నోట్లో రెండూ కలిసిపోయాయి. నేను భద్రాచలంలో బడిపంతులుగా చేరాక ఆదివారాలు ఊరికి వచ్చి పోతుండేవాణ్ణి.

కన్ను అలా ఇంకో రెండు మూడు సార్లు పోయి వచ్చింది. ఒకసారి ఇంట్లో, అన్నం తింటుండగా. అక్కడ కారం లేదు కాబట్టి వయసు అన్నారు. బావ కొత్తగూడెం తీసుకెళ్ళి కళ్ళజోడు ఇప్పించాడు. నేను వెళ్ళేసరికి అక్క ఆ జోడు పెట్టుకుని నన్ను కిందికీ పైకీ చూసింది.

“ఒరే, ఇవి పెట్టుకుంటే నువ్వు కూడా అందంగా కనిపిస్తున్నావు. ఏదో తేడా ఉంది వీటిల్లో. తిరిగిచ్చేసి రమ్మను మీ బావని.”

ఆ తరువాత చెయ్యి. బస్తాల మూతులు కుడుతోంది. దబ్బనం కుడిచేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోతే వేళ్ళు దాన్ని పట్టుకోలేదు. ఏదో అనబోతే మాట నాలుకకి చుట్టుకుంది. బావ ఆ మాటలు విని భయపడి సైకిలెక్కి పక్క గూడెంలో పసరు పోసే పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆయన ఆకులు నలిపి ముక్కులో చుక్కలు పోశాడు, చెయ్యి పైనుంచి కిందికి రుద్దాడు. రుద్దుతుండగానే వేళ్ళు ముడుచుకున్నాయి. కాసేపటికి మాట కూడా తేటపడింది. అక్క అన్న మొదటి మాట, ఆ పసరు కంపు భరించలేకే చెయ్యి లేచిందని.

బావ ఒకటే అడిగాడట, పక్షవాతమా అని. పెద్దాయన కాదన్నాడు. కారణం కూడా చెప్పాడు.

“పక్షవాతమైతే ఒక్క పక్కకే కొడ్తది బిడ్డా. ఈమెకి కన్నేమో ఎడమది, చెయ్యేమో కుడిది. గిట్ల రెండు పక్కల రాదు. వాయువు తిరుగుతాంది.”

ఆదివారం వెళ్ళినప్పుడు బావ ఈ మాట నాకు చెప్పాడు. ఊళ్ళో సూదులు వేసే ఆర్.ఎం.పి. డాక్టరు కూడా అదే అన్నాడు. నేను అప్పటికే చాలా పుస్తకాలు చదివినవాణ్ణి. ఆ వాదంలో నాకూ లోపం కనిపించలేదు. కన్ను ఒక జబ్బు, చెయ్యి ఒక జబ్బు. రెండూ వచ్చినట్టే పోయాయి. పక్షవాతం వచ్చినవాళ్ళు మంచాన ఉంటారు. అక్క బస్తాలు మోయించి లారీ ఎక్కిస్తోంది.

కళ్ళజోడు పని చేయడం లేదని, ఈసారి పెద్ద డాక్టరుకి చూపిద్దామని నేనే ఖమ్మం తీసుకెళ్ళాను. అక్కడి కంటి డాక్టరు చుక్కల మందు వేసి, చీకటి గదిలో దీపంతో చాలాసేపు కంటి లోపలికి చూశాడు. జోడు గురించి ఏమీ మాట్లాడలేదు. చెయ్యి ఎప్పుడైనా పట్టు తప్పిందా అని అడిగాడు. అక్క నా వైపు చూసింది, నువ్వు చెప్పావా అన్నట్టు. నేను చెప్పలేదు. కుడి చెయ్యేనా అని అడిగాడు. అవునంది. ఆయన చీటీ రాసి అదే వీధిలో ఉన్న ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు.

ఈ డాక్టరు వయసు మళ్ళినవాడు. అక్కని బల్ల మీద కూర్చోబెట్టి, ఊపిరి బిగపట్టమని, స్టెతస్కోపు గుండె మీద కాకుండా మెడకి ఎడమ పక్కన, దవడ కింద పెట్టాడు. తరువాత కుడి పక్కన పెట్టాడు. మళ్ళీ ఎడమ పక్కకి వచ్చాడు. గొట్టాలు తన చెవుల్లోంచి తీసి నాకిచ్చి వినమన్నాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉస్సుమని ఒక చప్పుడు. ఇరుకు సందులోంచి ఏదో తోసుకుని పోతున్న చప్పుడు. కుడి పక్కన ఆ చప్పుడు లేదు.

ఆయన అక్కకే చెప్పాడు, నాకు కాదు. గుండెలోంచి రక్తం పైకి తీసుకెళ్ళే నాళం మెడలో ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి ఉంటాయి. ఎడమ దానిలోంచి ఒక చిన్న పాయ ఎడమ కంటికి పోతుంది, మిగిలింది మెదడు ఎడమ భాగానికి పోతుంది. మెదడు ఎడమ భాగం నడిపేది కుడి చేతిని, కుడి కాలిని, మాటని. కాబట్టి ఎడమ కన్ను, కుడి చెయ్యి, మాట మూడూ పోయి వచ్చాయంటే జబ్బు మూడు చోట్ల లేదు. ఒక్కచోటే ఉంది. మెడలో నాళం లోపల కొవ్వు పేరుకుని సన్నబడింది. అక్కడ గడ్డ కట్టిన రక్తం చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి పైకి పోతోంది. ఇప్పటిదాకా పోయినవి కరిగిపోయాయి.

అక్క వింటూ మధ్యలో ఆపింది. “అంటే పొలానికి నీళ్ళు పారే బోదెలో పూడిక పడ్డట్టు.”

“అదేనమ్మా.”

“ఆ పూడిక తీస్తారా?”

కోసి తీసే ఆపరేషన్ ఉందని, అది మన దగ్గర ఎక్కడా చేయడం లేదని, చేసేచోట కూడా ప్రమాదమేనని ఆయన చెప్పాడు. ఉప్పు తగ్గించాలి. చుట్ట మానాలి. మా నాయనమ్మ తాగేది, అక్కకి ఆవిడ దగ్గరే అలవాటైంది. పొద్దున ఒకటి, పని అయ్యాక ఒకటి. ఆ తరువాత రోజూ ఒక మాత్ర. ఆయన పేరు రాసి, సొరుగులోంచి అదే మాత్రల పట్టీ ఒకటి తీసి చూపించాడు.

అక్క దాన్ని గుర్తుపట్టింది. “ఇది తలనొప్పి బిళ్ళ కదండీ? మా ఊరి కొట్లో కూడా ఉంటది.”

“అదేనమ్మా. తలనొప్పికీ పని చేస్తుంది. దీనికీ పని చేస్తుంది. రోజూ అన్నం తిన్నాక ఒకటి వేసుకో. మానొద్దు.”

అక్క తల ఊపింది. ఆయన చెప్పాల్సింది అంతా చెప్పాడు. ఇప్పటికీ ఆ గదిలో జరిగింది తలచుకుంటే ఆయన మాటల్లో కొరత నాకు కనపడదు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. కొత్తగూడెం దాటాక రవికలో దోపుకున్న చుట్టలు తీసి కిటికీలోంచి పారేసింది. మళ్ళీ ముట్టలేదు. మొదటి వారం నోరు పిడచకట్టుకుపోయి, కూలీల మీద, బావ మీద, గేదెల మీద అరిచిందట. బావ నాకు చెప్పి నవ్వాడు, ఒక్క చుట్ట వెలిగించి ఇస్తే అందరం బతుకుతాం అనిపించిందని. ఉప్పు సగానికి సగం తగ్గించింది. పచ్చడి మానింది, అది కూడా మిరప పండించే ఇంట్లో. మాకు మందంటే పథ్యం. పసరు తాగినా, కషాయం తాగినా, గట్టి వైద్యుడి గొప్పతనం ఆయన పెట్టిన పథ్యంలో తెలుస్తుంది. ఎంత కష్టమైన పథ్యం పెడితే అంత పెద్ద మందు. ఖమ్మం డాక్టరు అక్కకి రెండు కష్టమైన పథ్యాలు పెట్టాడు. అక్క వాటిని తు.చ. తప్పకుండా చేసింది. మేమందరం చూసి, వైద్యం సక్రమంగా జరుగుతోందనుకున్నాం.

మాత్రలు నేనే భద్రాచలంలో కొని తీసుకెళ్ళేవాణ్ణి. అయిపోయాయనగానే మళ్ళీ తెచ్చేవాణ్ణి. ఏనాడూ మిగిలి ఉండలేదు. కన్ను చీకటి పడటం ఆగిపోయింది. చెయ్యి మళ్ళీ జారలేదు. ఆ ఏడాది పంట చేతికొచ్చి, మరుసటి ఏడు నారు పోసేదాకా అక్క ఎప్పటిలాగే తిరిగింది.

మిరప నాట్లప్పుడు ఒక పొద్దున పశువుల కొట్టం దగ్గర పడిపోయింది. బావ లేవదీస్తే కుడి పక్క అంతా వేలాడిపోయింది. మూతి ఎడమకి లాగింది. మాట అసలు లేదు, గొంతులోంచి ఒక చప్పుడు మాత్రమే. బావ ఈసారి భయపడలేదు. ఇది ఆయనే నాకు చెప్పాడు. ముందు ఒకసారి చూసిన సంగతే కదా, వచ్చినట్టే పోతుందనుకున్నాడు. మంచం మీద పడుకోబెట్టి పసరు పెద్దాయన్ని పిలిపించాడు. ఆయన ముక్కులో చుక్కలు పోసి చెయ్యి రుద్దాడు. వేళ్ళు ముడుచుకోలేదు. ఇంకాసేపు చూద్దామన్నారు. పొద్దు నడినెత్తికి వచ్చాక పెద్దాయనే అన్నాడట.

“ఇది నాతోని కాదు. దవాఖానకి తోల్కపోండ్రి జల్దీ.”

మణుగూరు నుంచి జీపు కిరాయికి తెప్పించి, దారిలో నాకు కబురు పెట్టి, ఖమ్మం చేరేసరికి సాయంత్రమైంది. ఇప్పుడైతే కొద్ది గంటల్లోపల తీసుకెళితే గడ్డని కరిగించే సూది ఉందంటారు. అప్పుడు ఆ సూది మా జిల్లాలో లేదు, నాకు తెలిసినంతవరకు హైదరాబాదులో కూడా లేదు. పొద్దున్నే బయలుదేరినా అక్కకి జరిగే మేలు పెద్దగా ఉండేది కాదు. ఈ సంగతి బావకి చాలాసార్లు చెప్పాను.

అదే డాక్టరు చూశాడు. నేను వెళ్ళేసరికి ఆయన స్టెతస్కోపు అక్క మెడకి పెట్టి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, గొట్టాలు నాకిచ్చాడు. ఎడమ పక్కన విన్నాను. ఏమీ లేదు. ఆ ఉస్సుమనే చప్పుడు పూర్తిగా పోయింది. ఒక్క క్షణం నాకు ప్రాణం లేచి వచ్చింది. పూడిక తొలగిపోయిందనుకున్నాను. ఆయన నా మొహం చూసి చెప్పాడు, చప్పుడు పోవడం మంచిది కాదని. సన్నగా పారినంతకాలమే అది చప్పుడు చేస్తుంది. ఇప్పుడు పారడమే ఆగిపోయింది.

అప్పుడు బావని అడిగాడు. “మాత్ర రోజూ వేసుకుంటోందా?”

బావ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తెలిసిన ప్రశ్న వచ్చినవాడిలా వెంటనే చెప్పాడు. “వేసుకుంటదండీ. నొప్పి ఉన్నప్పుడల్లా వేసుకుంటది.”

డాక్టరు నా చేతిలోంచి స్టెతస్కోపు తీసుకున్నాడు. “తలనొప్పి ఎన్నాళ్ళకొకసారి వచ్చేది?”

“మా ఆవిడకి తలనొప్పి తక్కువండీ. చుట్ట మానాక అసలు లేదు.”

మరి మాత్రలు ఎలా అయిపోయేవని అడిగింది నేను. అక్క వాటిని ఒక డబ్బాలో పోసి కల్లం దగ్గర ఉంచుకునేదట. ఎండలో పని చేసే ఆడవాళ్ళకి తలనొప్పి వస్తే ఒకటి ఇచ్చేది. అంతకుముందు కూడా వాళ్ళకి వాము, శొంఠి ఇచ్చేది అక్కే. పట్నం డాక్టరు రాసిన బిళ్ళలని చెప్పి మరీ ఇచ్చేదని, బాగా పని చేస్తున్నాయని వాళ్ళు వేరే ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళని బావ చెప్పాడు. ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది. ఏమైందో ఆయనకి ఇంకా అర్థం కాలేదు.

డాక్టరు నన్ను వరండాలోకి తీసుకెళ్ళి, వేసుకున్నా ఇది రాకుండా ఉండేదని ఖాయంగా చెప్పలేమన్నాడు. కొందరికి ఆపుతుంది. అందరికీ ఆపదు. ఈవిడ ఏ కోవలోదో ఎవరికీ తెలియదు. నేను ఆ తరువాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. ఏ పుస్తకమూ ఆయన ఆ వరండాలో చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పలేదు.

హైదరాబాదు పంపారు. మెదడులో నాళం మూసుకుపోయిందా, చిట్లి రక్తం కారిందా అన్నది స్కాను తీస్తే తప్ప తేలదు. మూసుకుపోయినదానికి ఇచ్చే మందు చిట్లినదానికి ఇస్తే ప్రాణం తీస్తుంది. ఆ యంత్రం అప్పటికి ఖమ్మంలో లేదు. రెండో రోజు స్కాను తీశారు. అక్కడి చిన్న డాక్టరు ఫిల్ముని వెలుతురు పెట్టెకి తగిలించి చూపించాడు. తల ఎడమ పక్కన పెద్ద భాగం నల్లగా ఉంది. రక్తం అయితే తెల్లగా కనిపిస్తుందట. ఆ నల్లటి భాగం తిరిగి బతుకుతుందా అని అడిగాను. లేదన్నాడు. మిగిలినది కొంత నేర్చుకోవచ్చన్నాడు.

అక్క కొంత నేర్చుకుంది. గోడ పట్టుకుని కాలు ఈడుస్తూ వాకిట్లోకి వచ్చేది. ఎడమ చేత్తో తినేది. మాట రాలేదు. ఏం చెప్పబోయినా ‘అదే’ అన్న ఒక్క మాట వచ్చేది. నీళ్ళు కావాలన్నా అదే, ఎండలో నుంచి జరపమన్నా అదే. కోపం వచ్చినప్పుడు మాత్రం ఎక్కడి నుంచో ఒక తిట్టు పూర్తిగా, స్పష్టంగా వచ్చేది. ‘నీ మొహం మండ’ అనేది. అన్నాక తనే ఆశ్చర్యపోయి, మళ్ళీ అనబోతే వచ్చేది కాదు. మొదట్లో అది విని మేం నవ్వేవాళ్ళం, మాట వస్తోందనుకుని. డాక్టరు చెప్పాడు, తిట్లూ లెక్కపెట్టడమూ లాంటివి మెదడులో వేరేచోటి నుంచి వస్తాయని, వాటిని చూసి ఆశ పెట్టుకోవద్దని.

చెప్పలేకపోవడమే కాదు, విన్నది కూడా సగమే అందేది. చిన్న మాటలు అందేవి. రా, తిను, పడుకో. పొడుగు మాట చెబితే మొహంలోకి చూస్తూ ఉండిపోయేది.

రోజూ పొద్దున అన్నం అయ్యాక బావ మాత్ర ఇచ్చేవాడు. ఇప్పుడు ఒక్కరోజు మానేవాడు కాదు. అక్క దాన్ని చూసి, ఎడమ చేత్తో నుదురు ముట్టుకుని, తల అడ్డంగా ఊపేది. నొప్పి లేదని. బావ మొదట్లో చెప్పేవాడు, నొప్పికి కాదే, నరం మూసుకోకుండా అని, మెడ చూపించి, తల చూపించి. అక్క మళ్ళీ నుదురు ముట్టుకునేది. ఆవిడకి ఆ మాట తెలియాల్సిన రోజుల్లో మేం చెప్పలేదు, తెలిసిందనుకున్నాం. ఇప్పుడు చెబుతుంటే అర్థం చేసుకునే భాగం లేదు. చివరికి బావ మాత్రని పెరుగన్నంలో నలిపి పెట్టడం మొదలుపెట్టాడు.

అలా రెండేళ్ళకి పైగా గడిచింది. రెండోసారి పక్షవాతం నిద్రలో వచ్చింది. ఈసారి కుడి పక్కన మెదడు. భద్రాచలం ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండానే పోయింది.

మాత్ర రోజూ వేసుకుంటున్న రెండేళ్ళలోనే ఇది జరిగింది. బావ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటిదాని గురించే చెప్పాడు. మెడ మీద వేలు పెట్టుకుని, ఇక్కడ నరం, పైన కన్ను, పైన మెదడు అని డాక్టరు మాటల్లో చెప్పాడు. చివర్లో, బిళ్ళ రోజూ వేసుకుని ఉంటే ఆమెకేమీ అయ్యేది కాదని చెప్పాడు. ఖాయంగా, సందేహం లేకుండా.

ఒక సాయంత్రం ఇద్దరమే ఉన్నప్పుడు, అది అంత ఖాయం కాదని, డాక్టరు నాతో ఏమన్నాడో చెప్పాను. ఆయన మనసు కొంత కుదుటపడుతుందేమోనని చెప్పాను. బావ అన్నాడు.

“ఆ మాట నాకు తెలుసు అబ్బాయ్. రెండోసారి వచ్చిన్నాడే తెలిసింది. నువ్వు ఎవరితో అనకు.”

ఎందుకన్నాను.

“కొందరికి ఆపుద్ది, కొందరికి ఆపదు అంటే ఇక్కడ ఎవడేసుకుంటాడు?”

మా ఊళ్ళో ఒక రైతుకి అప్పటికి నెల కిందట మూతి వంకర పోయి సర్దుకుంది. సారపాక మిల్లులో పని చేసే అల్లుడు తీసుకెళ్ళి చూపిస్తే అదే మాత్ర రాశారు. బావ రోజూ పొద్దున ఆయన ఇంటికి వెళుతున్నాడు. వేసుకున్నాడో లేదో చూసి వస్తున్నాడు. దినాలు నడుస్తున్నప్పుడు కూడా మానలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ రైతే మా వాకిట్లోకి వచ్చాడు. చేతిలో మాత్రల పట్టీ ఉంది. బావ లోపల ఉన్నాడు. చదువుకున్నవాణ్ణని నన్ను అడుగుదామని వచ్చినట్టుంది.

“సారూ, నాకైతే తలకాయ నొస్తలేదు. మీ బావ రోజూ మింగమంటుండు. అక్కకి గిది ఏస్కుంటే బతికేదని చెప్తుండు. నిజమేనా?”

లోపల బావ అడుగుల చప్పుడు ఆగింది.

“నిజమే,” అన్నాను.